మునగాల బాటలో మందుగుండు మోత

పాణినీయమున నాలవ యధ్యాయము నాలవ పాదమందు, ఒక సాధనముచేత బరువును మోసికొనిపోవువానికిఁ బేరు లేర్పఱుచు సూత్రములు మూఁడు వరుసగా నున్నవి. 15వ సూత్రముచే ఒడియందుఁ బెట్టుకొని మోయువాఁడు ఔత్సంగికుఁడు. 16వ సూత్రముచే తోలుతిత్తితో మోయువాఁడు భస్త్రికుఁడు. 17వ సూత్రముచే కావడితో మోయువాఁడు వివధికుఁడు, వికల్పమున వైవధికుఁడు. ఈ వివధశబ్దమునకే వీవధమను రూపాంతరము కలదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున వీవధమనఁగా సేనకు వెనుకనుండి వచ్చుచుండెడి ధాన్యాది సామగ్రి. కావడిబద్దపేరు సైన్యమును బ్రతికించు సరఫరాకెల్లఁ బేరైనది.

ఈ మూఁడు పేరులును సాధనమునుబట్టి పుట్టినవి. మోయువాఁడు తన యిష్టముచే మోయుచున్నాఁడా, పరుల బలవంతముచే మోయుచున్నాఁడా యను విషయమును ఇవి చెప్పవు. దానిని జెప్పు పదము వేఱొకటి కలదు. అది విష్టి. కౌటిల్యుఁడు సాంగ్రామికాధికరణమున విష్టివారి పనులను లెక్కించుచు, శిబిరములను, బాటలను, వంతెనలను, నూతులను, రేవులను బాగుచేయుటతోపాటు యంత్రములను, ఆయుధములను, కవచములను, గ్రాసమును మోయుటయు వారి పనియే యనెను. అమరసింహుఁ డీ విష్టిశబ్దమును నరకవర్గమునఁ జేర్చెను. తెలుఁగునందలి వెట్టి యీ విష్టికిఁ దద్భవము. సైన్యమునకుఁ జెందిన అపాయకరమగు సరకును ఎవ్వనిచేత మోయింపవలెనను ప్రశ్నకు మన దేశమునఁ బూర్వమునుండి రెండు సమాధానము లున్నవి: కూలిని బేరమాడి కుదిరిన వివధికుఁ డొకటి, పట్టి తేఁబడిన వెట్టివాఁడు రెండవది. ఈ రెంటిలో నెప్పు డేది నిలిచెనో యెఱుఁగుటకు ఒక్క బాటచరిత్రమును బరిశీలించుట చాలును.

ఆ బాట హైదరాబాదునుండి సూర్యాపేట, మునగాల, కోదాడలమీఁదుగా బెజవాడకుఁ బోవునది. దానికిఁ బూర్వము గోలకొండకును మచిలీపట్టణమునకును నడుమ మూసీ, మున్నేరు, కృష్ణలు పాఱు ఈ సీమ మీఁదుగనే వర్తకమును దండులును సాగెడివి. మునగాల పేరు సారస్వతప్రియులకుఁ గ్రొత్తది కాదు. నాయని వేంకటరంగారావుగారు అచ్చటి జమీందారులు. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు వారికడ దివానుగా నుండిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికామండలియును నెలకొనుటకు వీరి పూనిక ముఖ్యకారణము. అయితే ప్రకృతవిషయమునకుఁ గావలసినది ఆ పరగణాయొక్క భూస్థితి. మునగాల కృష్ణామండలమునఁ జేరిన యింగ్లీషు భూమియయ్యు, నలుదెసల నైజాము రాజ్యముచేఁ జుట్టఁబడిన ద్వీపమువంటిది. 1959లో నల్లగొండ మండలమునఁ జేరువఱకు ఆ పరగణా కృష్ణామండలపుఁ దునుకగనే యుండెను. ఒక మూట కృష్ణామండలమునుండి మునగాలకుఁ బోవలెనన్నను, స్వమండలమునకే పోవుచు, నడుమ నితరరాజ్యమును దాఁటవలసియుండెను.

ఇఁక మోయఁబడు వస్తువు. తెలుఁగువారు దానిని తుపాకిమం దనిరి. రోగమును బోఁగొట్టునదియు మందే, ప్రాణమును దీయునదియు మందే. పారసీకమునందును దారూశబ్దమున కీ రెండర్థములును గలవు. ఇది పెట్లుప్పు, గంధకము, బొగ్గు అను మూఁటి చేరిక. నూఱుపాళ్లలో పెట్లుప్పు సుమారు 75, బొగ్గు 15, గంధకము 10గా నుండుట తరువాతి కాలమున స్థిరపడిన పాకము. శుక్రనీతియందు అగ్నిచూర్ణమను పేర, అయిదు పలముల పెట్లుప్పునకు ఒక పలము గంధకము, ఒక పలము బొగ్గు చెప్పఁబడినవి. దానినిబట్టి మన పూర్వు లతిప్రాచీనకాలమునందే తుపాకిమందు నెఱిఁగి రని కొందఱు వాదించిరి. కాని యా గ్రంథము మిక్కిలి యర్వాచీనమని నేఁటి పరిశోధకు లనేకులు నిర్ణయించిరి. అర్థశాస్త్రమునఁ జెప్పఁబడిన యగ్నియోగములలో పెట్లుప్పు లేదు. కావున నీ విషయమునకు శుక్రనీతిని బ్రాచీనసాక్ష్యముగాఁ గొనరాదు.

ఈ మూఁడు ద్రవ్యముల స్వభావము గమనింపఁదగినది. పెట్లుప్పు ఒంటరిగా మండదు. బొగ్గు వంటయింటి వస్తువు. గంధకము వైద్యుని సంచిలోని సరకు. బహువ్రీహియందు పదములు స్వార్థమును విడిచి అన్యపదార్థమును బ్రధానముగాఁ జూపునట్లు, ఈ మూఁడును గలియఁగనే తమలో నొక్కదానియందును లేని శక్తి పుట్టుచున్నది. కలిసిన పిమ్మట దానికి శత్రువులు మూఁడు. మొదటిది తడి. శుద్ధి చాలని పెట్లుప్పు గాలిలోని చెమ్మను బీల్చుకొనును. అట్టి మందు వానకాలపు బాటలో బురదగును. రెండవది కుదుపు. గింజకట్టని మెత్తని పొడి దూరము కదలినచో బరువైన పెట్లుప్పు, గంధకములు క్రిందికి దిగును, తేలికయగు బొగ్గు మీఁదికిఁ దేలును. దానిని మరలఁ గలుపవలసివచ్చును, ఆ కలుపుటయు నపాయమే. పొడిని దడిపి గింజలుగాఁ గట్టు విద్య వచ్చినపిదపనే యీ దోషము తొలఁగినది. మూఁడవది నిప్పు. ఱాతిపైఁ దగిలిన యినుము, ఆరని పొయ్యి, నోటిలోని చుట్ట, ఇందు నేదైనను జాలును.

కావున మోతకాని నెన్నుకొనుటలో మొదటి వివేకము, అసలు అపాయకరమగు వస్తువును మోయింపకుండుటయే. విడివిడిగా మోయించి, వాడవలసినచోటఁ గలుపుకొనుట యా వివేకఫలము. డచ్చివారు 17వ శతాబ్ది మొదట మచిలీపట్టణమునఁ గొట్టు పెట్టిరి. ఇంగ్లీషువా రచ్చటికి 1611లో వచ్చిరి. తూర్పుతీరమునుండి యీ కంపెనీలు కొనిపోయిన సరకులలో పెట్లుప్పు చెప్పుకొనఁదగినది. ఆ తీరముననే దక్షిణమున పులికాటుకోటలో డచ్చివారు తుపాకిమందు చేయు కర్మశాలను నెలకొల్పి, తమ యితరస్థావరములకు నచ్చటినుండియే పంపిరి. సముద్రపుటొడ్డునఁ గలిపిన మందు ఓడకెక్కును. లోనాఁటి బాటలలో నడచివచ్చినది శాంతమగు పెట్లుప్పు మాత్రమే. దానికి ఉప్పును ధాన్యమును మోయువారే చాలుదురు. వేఱొక మోతకాని వెదకనక్కఱలేదు.

అట్టివా రెవ్వరన, పెరిక యెడ్లవారును లంబాడీలును. పెరికయనఁగా ఎద్దు వెన్నుపై నిరుప్రక్కలకు వ్రేలాడు గోనెసంచి. దానినిబట్టి యొక కులమునకే పేరేర్పడినది. 17వ శతాబ్ది నడుమ గోలకొండరాజ్యమున దిరిగిన ఫ్రెంచి రత్నవర్తకుఁడు టావెర్నియే, గోలకొండకును మచిలీపట్టణమునకును నడుమ బండ్లు నడువవనియు, ఎడ్లును మోతగుఱ్ఱములును మాత్రమే పోవుననియు వ్రాసెను. కొండలు, చెఱువులు, ఏఱులు, ఇఱుకుదారులు అందుకుఁ గారణములు. తా నొక చిన్నబండిని వజ్రపుగనులకుఁ దీసికొనిపోయి, చెడ్డచోట్ల దానిని విడఁదీసి దాఁటింపవలసివచ్చినదని యాతఁడు చెప్పెను. ఆతఁడే మోతయెడ్లవారిని నాలుగు తెగలుగా విభజించెను: ఒక తెగ గోధుమాది ధాన్యములను, ఒకటి బియ్యమును, ఒకటి పప్పులను, ఒకటి ఉప్పును మోయును, ఒక తెగవారు మఱొక తెగ సరకును ముట్టరు. ఒక్కొక బిడారులో 10,000 మొదలు 12,000 వఱకు ఎడ్లుండు ననియు, ఒక్కొక యెద్దు 300 మొదలు 350 ఫ్రెంచి పౌనులవఱకు మోయు ననియు నాతని లెక్క. ఈ నాలుగు తెగలలోను మందుగుండు మోయు తెగ లేదు. ఆహారము మోయుటకు వంశపారంపర్యముగా మోతకాండ్రుండిరి. అగ్నిని మోయుటకు లేరు.

టావెర్నియే వ్రాసిన మఱొక విషయ మింతకంటె ముఖ్యమైనది. ప్రయాణికులు విల్లంబులు, తుపాకులు గల 20 లేక 30 మంది భటులను వెంటఁ గొనిపోవుట యానాఁటి వాడుక. వారి జీతము బోయీల జీతమునకు సమానము. ఆ భటులను ఒక్కొక్కని ముఖము చూచి కుదుర్చుకొనరు; పట్టణమున వారి కొక నాయకుఁడుండును. వారి విశ్వాసమునకు వాఁడే పూచీ. అందుకై వాఁడు మనిషికి రెండేసి రూపాయలు పుచ్చుకొనును. మోతకాని నెన్నుకొనుటయనఁగా నిజమునకు పూచీదారు నెన్నుకొనుట. సరకు పోయిన నెవ్వని నడుగవలయునో తెలిసినప్పుడే యజమాని దానిని వేఱొకని భుజమున కెక్కించును. బిడారునందును, బోయీలయందును, భటులయందును ఈ న్యాయమే నడచెను.

ఇచ్చట పెద్దమోతకును చిన్నమోతకును గల భేదము బయటఁబడుచున్నది. నూఱెడ్ల మందుగుండు పోవునప్పుడు ముప్పదిమంది భటులను వెంటఁ బంపుట వ్యయమునకుఁ దగినదే. పొయ్యిలకు దూరముగా వేఱు విడిది, ముందు నడచి త్రోవ చూచువాఁడు, వెనుక నడచి రాలినదానిని జూచువాఁడు, అన్నియు సమకూరును. కాని పంపవలసినది ఒక్క కావడియెత్తు మందే యైనచో? అపాయము తగ్గదు, ఒక కావడి మందు ఒక యింటిని, ఒక సత్రమును నేలఁ గలుపఁజాలును. తగ్గున దంతయు రక్షణయే. కాపలావ్యయము సరకుతోపాటు తగ్గదు గనుక చిన్నసరకును బంపువాఁడు మూఁడు దారులలో నొకటి త్రొక్కును: కాపు లేకుండఁ బంపుట, ఇతరపు సరకులలోఁ గలిపి పంపుట, ఏమి యున్నదో చెప్పక మూటకట్టి పంపుట. మూఁటియందును లాభము పంపువానిది, అపాయము మోయువానిది. బాటచరిత్రమున మందుగుండు చిన్నమోత కనఁబడకపోవుటకుఁ గారణ మిదియే. పెద్దమోత చరిత్రకారుని గ్రంథమున కెక్కును. చిన్నమోత భుజముపై కెక్కును గాని కాగితముపై కెక్కదు.

పెద్దమోతకు నొక్క యుదాహరణము. 1756లో సలాబతుజంగు బుస్సీని కొలువునుండి తొలఁగింపఁగా, ఆతఁడు హైదరాబాదున చార్‌మహలునందుఁ దలదాఁచుకొని, మచిలీపట్టణమునుండి సాయము కోరెను. లా యను నాయకుఁడు సేనతో ఫిరంగులతో వానకాలమున బయలుదేఱెను. ఏఱులు పొంగియుండెను, బెజవాడ దాఁటినపిదప అడవిదారులలో శత్రువులు వెంటాడిరి. ఆగస్టునెలలో నా సేన యెట్టకేలకు హైదరాబాదు చేరెను. తడి, కుదుపు, నిప్పు అను మూఁడు శత్రువులకును బాట యంతట నెదురుపడిన పయన మిది. తరువాత 1759 ఏప్రిలులో ఫోర్డు మచిలీపట్టణమును బట్టుకొనెను. 1766లో ఉత్తరసర్కారులు కంపెనీ కబ్బెను. హైదరాబాదున రేమండు తోపులు పోతపోయు కర్మశాలను నెలకొల్పెను. దూరమునుండి మోయించుటకంటె దగ్గఱఁ జేయించుట మేలను వివేకమే యిందును గానవచ్చుచున్నది. ఆతఁడు 1798 మార్చిలో మృతినొందెను. అదే యేఁడు అక్టోబరులో ఫ్రెంచి పటాలములు విడఁగొట్టఁబడెను. 1806లో సికింద్రాబాదు దండుబస్తీగా వెలసెను.

దండుల చరిత్ర మిట్లు వ్రాయఁబడెను. బాటప్రక్కనున్న పల్లెల చరిత్రము వేఱు. తెలంగాణమున ఉద్యోగులు గ్రామమునకు వచ్చినచో వారి సామానులను మఱుసటి గ్రామమువఱకు మోయుట వెట్టివారి విధి. ఆ యూరివారు మఱియొక యూరికి, వారు వేఱొక యూరికి, ఇట్లు మూట చేతులు మాఱుచుఁ బోవును. హరిజనవాడలోని కుటుంబములు వంతులవారీగా మనిషి నీయవలెను. ఠాణాకుఁ గాగితములు మోయుటయు వారి వంతే. దొరలను మేనాలలో మోయుట బోయీల వంతు. ఈ పద్ధతిని వెనుకటి బిడారు పద్ధతితోఁ బోల్చి చూడవలెను. అచ్చట పూచీ నాయకునిది, కూలి మోతకానిది. ఇచ్చట కూలి లేదు. పూచీ మాత్రము మోతకానిపైఁ బడును. మూట తడిసినను పగిలినను దండుగ వానిదే. అందు వస్త్రములున్నవో, పాత్రలున్నవో, తూటాలున్నవో యడుగు హక్కు వానికి లేదు. మోయనను హక్కు మొదలే లేదు. కౌటిల్యుఁడు విష్టివానిపై నాయుధముల మోత పెట్టినప్పటినుండి, మునగాల బాటను సామాను ఊరూర మాఱునాఁటివఱకు, ఈ విషయమున మార్పేమియు లేదు.

మార్పు మొదట శాసనములలో, అదియు మెల్లఁగా వచ్చెను. 1865లో ఇంగ్లీషు ప్రభుత్వము బాడుగకు సరకు మోయువారిని గుఱించి యొక శాసనము చేసెను. బంగారము, వెండి, పట్టు మొదలగు విలువగల వస్తువులు నూఱురూపాయలకు మించినచో, పంపువాఁడు వాని వెలను ముందుగఁ జెప్పవలెను. చెప్పనిచో నష్టమునకు మోయువాఁడు బాధ్యుఁడు కాఁడు. ఈ శాసనము వెలను అడిగినది, అపాయమును అడుగలేదు. 1878 నాఁటి ఆయుధశాసనమున సైనికసామగ్రి యను సంజ్ఞకు నిర్వచనము చేయుచు, సీసము, గంధకము, పెట్లుప్పు అనువానిని బేర్కొనిరి. విడివిడిగా శాంతములైన యీ వస్తువులు కలియునప్పటి ఫలమునుబట్టి యా సంజ్ఞకుఁ బాత్రములైనవి. 1884లో ప్రేలుడు పదార్థముల శాసనము వచ్చి, వాని తయారీ, నిలువ, అమ్మకము, రవాణాలను నియమములకు లోఁబఱిచెను. 1890 నాఁటి రైల్వేశాసనము మఱొక యడుగు ముందుకు వేసెను. అపాయకరమగు సరకును మోయుమని రైల్వేవారిని నిర్బంధించు హక్కు ఎవ్వనికిని లేదు. పంపువాఁడు మూటపైన దాని స్వభావమును స్పష్టముగ వ్రాయవలెను, లేదా వ్రాఁతమూలమునఁ దెలుపవలెను. అనుమానము కలిగినచో రైల్వేవారు మూటను విప్పి చూడవచ్చును. మోయువానికి రెండు హక్కులు, ఎఱుఁగు హక్కు, నిరాకరించు హక్కు, శాసనాక్షరములలో స్పష్టముగఁ గనఁబడినది ఇచ్చటనే.

కాని యీ హక్కులు పొందిన మోతకాఁడు మనుష్యుఁడు కాఁడు, రైలుసంస్థ. సికింద్రాబాదునుండి వరంగల్లు మీఁదుగా బెజవాడకు రైలుమార్గము 1889లో ముగిసెను. అది ఖమ్మముమెట్టు ప్రక్కగాఁ బోయినది. సూర్యాపేట, మునగాల, కోదాడలను ముట్టలేదు. పెద్దమోతలు రైలెక్కినవి. చిన్నమోత పూర్వమువలెనే బాటపై నిలిచినది. అందును మునగాలచుట్టు ఇబ్బంది రెట్టింపు. పరగణాలోపల ఇంగ్లీషు ఆయుధశాసనము. పొలిమేర దాఁటఁగనే నైజాము చట్టములు. నైజాము సరిహద్దులలో కరోడ్‌గిరివారు సుంకమునకై సరకులను తనిఖీచేసెడివారు. ఒక చోట ననుమతి గల మూట మఱొక చోట నేరమగును. ఆ నేరము చేతికిఁ దగులునది మూటతో నిలుచున్నవానికే గాని, దూరమునఁ గూర్చున్న యజమానికిఁ గాదు.

1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి నైజామాంధ్రమహాసభ జరిగినది. వెట్టిని మాన్పవలెనను కోరిక యా సభోద్యమమున ముఖ్యమైనది. ఆ దశాబ్దముననే మునగాల పరగణా రైతులును వెట్టికి, అక్రమవసూళ్లకుఁ బ్రతికూలముగా లేచిరి. ఇచ్చట నొక విషయమును దాఁచుట చరిత్రధర్మము కాదు: విజ్ఞానచంద్రికకు నీరుపోసిన పరగణాయందే వెట్టియు నుండెను. గ్రంథప్రచారమును జేసిన యౌదార్యము మొదటిది. పల్లెలోని మూటను భుజమునుండి దింపవలసిన ధర్మము రెండవది. మొదటిది జరిగినంతమాత్రమున రెండవది జరిగినదనుటకు వీలులేదు.

1932లో నైజాము రైల్వేవారు మోటారుబస్సులను నడుప నారంభించిరి. బాటపై యంత్రము వచ్చినది. 1948 సెప్టెంబరులో భారతసేన యొక పాయ బెజవాడనుండి ఈ బాటనే కోదాడ, మునగాల, సూర్యాపేటలమీఁదుగా సాగెను. వెనుకకు మరలుచు నైజాముసేన మూసీవంతెనను బ్రేల్చివేసెను. భారతసేన దానిని వెంటనే బాగుచేసికొని దాఁటెను. ఒక వంతెనను గూల్చుటకుఁ గావలసిన మందు ఒక సేన మోతలో నల్పభాగము. అల్పమైన మోత యెంత యనర్థమును జేయునో యా విఱిగిన వంతెన చూపినది.

1950 జనవరి 26 మొదలు అమలునకు వచ్చిన భారతసంవిధానమున 23వ యధికరణము వెట్టిని నిషేధించినది. 1976లో కట్టుబానిసత్వమును రద్దుచేయు శాసనము దానికిఁ దోడయ్యెను. సరకుమోత విషయమున, 1865 నాఁటి శాసనమును రద్దుచేసి 2007లో వచ్చిన రోడ్డురవాణా శాసనమునందు, మనుష్యప్రాణమున కపాయకరమగు సరకులను గుఱించి ప్రత్యేకనియమము చేర్పఁబడినది. వెల నడిగిన శాసనముస్థానమున అపాయము నడుగు శాసనము వచ్చుటకు 142 సంవత్సరములు పట్టినది.

ఈ పరిశీలనమువలనఁ దేలునది యిది. అపాయకరమగు చిన్నసరకునకు మోతకాని నెన్నుకొనుట, ఎద్దా, బండియా, మనుష్యుఁడా యను సాధనవిచారముతో ముగియదు. సాధనవిచారమును బాణిని నాఁటివారే తీర్చిరి. బాటయు, ఋతువును, బరువును దానిని సులభముగ నిర్ణయించును. విడువరాని ప్రశ్నలు మూఁడు: మోయువాఁడు తాను మోయునదేమో యెఱుఁగునా? ఎఱిఁగి, మోయనని చెప్పఁగలఁడా? చెడినప్పు డెవ్వఁడు పూచీ? బిడారునాయకుఁడు మూఁడవదానికి సమాధానముగ నిలిచెను. రైల్వేశాసనము మొదటి రెంటికి సమాధానము చెప్పెను. వెట్టియందు మూఁటికిని సమాధానము లేదు. కావుననే యమరసింహుఁడు విష్టిని నరకవర్గమున నుంచుట నిఘంటువునకు సంబంధించిన విశేషము మాత్రమే కాదు. కావడి యొకటే, బరువు నొకటే. అడుగఁబడి మోసినవాఁడు వివధికుఁడు, అడుగఁబడక మోసినవాఁడు విష్టివాఁడు. బడులలో తద్ధితప్రకరణమును బోధించు పండితులు ఈ భేదమునుగూడ శిష్యులకుఁ దెలుపుదురుగాక.